మత్తులో తగిలిన గాయము: ముగ్ధాధికరణము, శస్త్రవేదన



బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము రెండవ పాదములో ముగ్ధాధికరణమను ఒక చిన్న అధికరణము కలదు. అందున్నది ఒకే ఒక సూత్రము. పాఠము చెప్పువారు సాధారణముగా దానిని త్వరగా ముగించి ముందుకు సాగుదురు. జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి అను మూడవస్థలు, దేహమును విడుచుట అను నాలుగవదియు ప్రసిద్ధములై యుండగా మూర్ఛ వీనిలో దేనియందు చేరునని అక్కడి సందేహము. శంకరభగవత్పాదులు ఆ భాష్యములో మూర్ఛితుని ఒక వైద్యుడు చూచినట్లు చూచిరి. నిద్రించువాని ముఖము ప్రసన్నముగా నుండును, ఊపిరి సమముగా ఆడును, కనులు మూసియుండును, ఒడలు వణకదు. మూర్ఛితుని ముఖము భయంకరముగా నుండును, కనులు విచ్చుకొనియుండును, దేహము కంపించును, ఊపిరి ఒక్కొక్కసారి చాలసేపు ఆడదు. నిద్రితుని చేతితో తాకి లేపవచ్చును. మూర్ఛితుడు ముద్గరముతో మోదినను లేవడు. ఒకదానికి శ్రమ కారణము, రెండవదానికి దెబ్బ కారణము. కావున మూర్ఛ సుషుప్తి కాదనియు, అది అర్ధసంపత్తి యనియు నిర్ణయము.

ముద్గరముతో మోదినను లేవనివానికి ఆ దెబ్బ ఏమైనది? భాష్యమునకు ఆ ప్రశ్నతో పనిలేదు, అక్కడి విషయము జీవుని అవస్థ మాత్రమే. కాని నేడు చిన్న పట్టణములలో సైతము ప్రతిదినము మనుష్యులను బుద్ధిపూర్వకముగా ఆ అవస్థలోనికి పంపి, చర్మము కోసి, ఎముక తొలచి, కుట్లు వేసి, తిరిగి రప్పించుచున్నారు. అందుచేత ఆ ప్రశ్న శాస్త్రవిచారముగానే నిలువక ఆసుపత్రి మంచము వద్దకు వచ్చినది.

తార్కికుల నియమము స్పష్టము. అనుభవము లేనిదే సంస్కారము లేదు, సంస్కారము లేనిదే స్మృతి లేదు. సుషుప్తి నుండి లేచినవాడు సుఖముగా నిద్రించితిని, ఏమియు ఎరుగనైతిని అనును. ఆ మాటను ఆధారము చేసికొని అద్వైతులు నిద్రయందును సాక్షికి అనుభవము కలదని సాధించుదురు. నైయాయికులు అది స్మృతి కాదు, అనుమానమే యందురు. మత్తు నుండి లేచిన రోగి పలుకునది ఆ వాక్యములో రెండవ సగము మాత్రమే: ఏమియు ఎరుగను. అట్లైన కోత పడిన సమయమునకు సంబంధించినదేదియు అతనియందు మిగులరాదు. లేచిన పిదప కలుగు నొప్పి అప్పటికి ఇంకను మానని గాయము వలన కొత్తగా పుట్టినది మాత్రమే కావలెను. శస్త్రవైద్యులును చిరకాలము అట్లే తలచిరి. అయితే ఒకే కోత, ఒకే కుట్టు, ఒకే రోగము ఉన్నవారిలో మత్తు ఇచ్చిన పద్ధతి వేరైనంత మాత్రమున, ఆ మందు దేహమును విడిచి పోయిన పది దినములకు కూడ నొప్పి వేరుగా నున్నదని తెలియవచ్చినప్పుడు ఆ సమాధానము నిలువలేదు. ఇది తెలియుటకు నూట నలువది సంవత్సరములకు పైగా పట్టినది.

ప్రాచీన భారతీయ శల్యతంత్రము ఈ రెండు వేదనలను వేరుగానే గుర్తించినది. సుశ్రుతసంహిత సూత్రస్థానము పదునేడవ అధ్యాయములో, శస్త్రకర్మకు ముందు రోగికి ఆహారము పెట్టవలెననియు, మద్యము అలవాటున్నవానికి తీక్ష్ణమైన మద్యము ఇవ్వవలెననియు చెప్పబడినది. అన్నబలముచే మూర్ఛిల్లడు, మద్యబలముచే శస్త్రమును ఎరుగడు. (మూఢగర్భము, ఉదరరోగము, అర్శస్సు, అశ్మరి, భగందరము, ముఖరోగము అను వానిలో మాత్రము భోజనము చేయని రోగికే శస్త్రకర్మ విధింపబడినది. నేటి ఆసుపత్రులలో రాత్రి నుండి ఏమియు తినవద్దని చెప్పుట విన్నవారికి ఇది వింతగా తోచదు.) ఇది మొదటి వేదన మాట. అదే స్థానము ఐదవ అధ్యాయపు చివర రెండవ వేదన ప్రస్తావన వచ్చును. శస్త్రము పడుటచే పుట్టి పిదప దేహమును తపింపజేయు తీవ్రవేదనకు యష్టిమధుకము కలిపిన గోరువెచ్చని నేతిని ఆ చోట పోసి శాంతి చేయవలెనని ఆచార్యుడు చెప్పెను. మద్యము దిగిన తరువాత ఏమగునో ఆయన చూచియున్నాడు. మత్తు వేరు, ఉపశమనము వేరు అను ఈ వివేకము తరువాతి యుగములలో చాలకాలము మరుగునపడినది.

భోజప్రబంధములో భోజరాజునకు మోహచూర్ణముతో మత్తు కలిగించి కపాలము తెరచి చికిత్స చేసిన కథ కలదు. దానిని చరిత్రగా చూపి గర్వించువారు అనేకులు. బల్లాలుని ఆ గ్రంథములో వేర్వేరు శతాబ్దముల కవులందరు ఒకే కొలువులో కూర్చుందురు, చికిత్స చేసినవారు సాక్షాత్తు అశ్వినీదేవతలు. కథను కథగా ఆస్వాదించుటయే ఉచితము. సుశ్రుతుని రెండు వాక్యములు దానికంటె బరువైనవి.

పాశ్చాత్యదేశములలో 1846 అక్టోబరు 16వ తేదీన, బోస్టన్ నగరములోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటలులో విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక యువకునిచే ఈథరు పీల్పింపగా, వృద్ధ శస్త్రవైద్యుడు జాన్ కాలిన్స్ వారెన్ అతని దవడ క్రింది కంతిని కోసెను. రోగి కేక వేయలేదు. అంతకుముందు శస్త్రకర్మయనగా నలుగురు బలిష్ఠులు పట్టుకొనగా ఎంత శీఘ్రముగా కోయగలిగిన అంత నేర్పరితనము. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. ఈ విజయము ఎంత గొప్పదనగా, రెండవ వేదన సంగతి ఎవరికిని తట్టలేదు. కోయునప్పుడు అరచుటయే నొప్పియని లోకము నమ్మియుండెను. అరపు ఆగినది కావున నొప్పి జయింపబడినదని భావించిరి.

ఆ తరమువారిని కలచినది మరొక భయము. 1848 జనవరిలో న్యూకాసిల్ సమీపమున ఒక పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, ఆ పీఠము మీదనే మరణించెను. తరువాత అట్టి మరణములు అనేకము. మొదట ఆగునది గుండెయా, ఊపిరియా అను వివాదము దశాబ్దములు సాగినది. ఆ వివాదమునకు పరీక్షాస్థలము హైదరాబాదు. అక్కడి రెసిడెన్సీ సర్జనైన ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషనును, లండనులోని లాన్సెట్ పత్రిక అపనమ్మకము ప్రకటింపగా 1889లో రెండవ కమిషనును నడపెను. రెండవదానికి ఆ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అంతటి పండితుడు సముద్రము దాటి వచ్చెను. శునకములు, కోతులు మొదలైన వందల జంతువులు ఈ పరీక్షలలో బలియైనవి. హైదరాబాదు మెడికల్ స్కూలులో చదివి మత్తుమందు ఇచ్చుటలో పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్జీ సైతము ఆ పనిలో పాల్గొనెను. ఊపిరియే ముందు ఆగును, ఊపిరిని కనిపెట్టియుండుడని కమిషను తీర్పు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, చాలీచాలని క్లోరోఫారముతో గుండెయు హఠాత్తుగా గతి తప్పగలదని చూపి ఆ తీర్పులో సగమును త్రోసివైచెను. ఊపిరిని కనిపెట్టవలెనను ఉపదేశము మాత్రము నిలిచినది. ఇంత పరిశ్రమలో ఒక్క ప్రశ్న ఎవరును వేయలేదు: బ్రతికి లేచినవానికి నొప్పి ఎట్లున్నది? ప్రాణమే సందేహములో నున్నప్పుడు అది అడుగకపోవుట తప్పు కాదు. అయినను అడుగకపోవుట అలవాటుగా మారినది.

ఇంతలో రెండవ మార్గము తెరువబడెను. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్, కొకెయిన్ ద్రావణము ఒక్క చుక్క వేసినచో కన్ను మొద్దుబారునని కనుగొనెను. రోగి మేల్కొనియే యుండును, తెలివి చెదరదు, కంటిని తాకిన సంగతి మాత్రము అతనికి చేరదు. 1898 ఆగస్టులో కీల్ నగరమున ఆగస్ట్ బియర్ అను వైద్యుడు దీనిని వెన్నెముక లోనికి ఎక్కించి పరీక్షించెను. మొదట తన వెన్నులోనే ఎక్కింపజేసికొనబోగా సూదికి పిచికారీ సరిగా అమరక ద్రవము కారిపోయెను. అప్పుడు సహాయకుడు హిల్డెబ్రాంట్ తన వీపు అప్పగించెను. మందు పనిచేసిన పిదప బియర్ అతని కాలిని సూదితో పొడిచి, చుట్టతో కాల్చి, ముంగాలి ఎముక మీద సుత్తితో కొట్టి చూచెను. హిల్డెబ్రాంటునకు ఏమియు తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరును మద్యము సేవించి, చుట్టలు కాల్చి ఆనందించిరి. తరువాత ఇద్దరికిని తలనొప్పి. బియర్ తొమ్మిది దినములు పడకకే పరిమితమయ్యెను. హిల్డెబ్రాంట్ కాలి దెబ్బలన్నియు మత్తు దిగిన పిదప లెక్కకు వచ్చినవి.

ఈ రెండు మార్గముల తారతమ్యమే ఈ చరిత్రకు మూలము. మొదటి మార్గములో తెలిసికొనువాడు మూర్ఛితుడగును, వార్త మాత్రము గాయము నుండి బయలుదేరి వెన్నుపాము మీదుగా మెదడు వరకు వచ్చుచునే యుండును. రెండవ మార్గములో తెలిసికొనువాడు మేల్కొనియుండును, వార్తయే మార్గమధ్యమున ఆపబడును. చూచువారికి రెండింటి ఫలము ఒక్కటే, రోగి కదలడు, అరవడు.

ఈ భేదమును మొదట పట్టుకొన్నవాడు అమెరికాలోని క్లీవ్‌లాండు శస్త్రవైద్యుడు జార్జ్ క్రైల్. ఈథరు మత్తులో నున్న రోగి ఎరుకలేనివాడు గాని అతని నాడీమండలము ఎరుకలేనిది కాదని ఆయన వాదించెను. కోత పడిన ప్రతిసారి నాడి వేగము, శ్వాస, రక్తపుపోటు మారుచుండుట ఆయన చూచెను. నిద్రించుచున్న యజమాని ఇంటి తలుపును దుండగులు గంటల తరబడి గుద్దుచుండగా యజమాని ఎరుగకపోవచ్చును, తలుపునకు దెబ్బ తగులకుండునా? క్రైల్ తన పద్ధతికి ఎనోసి-అసోసియేషన్ అని పేరిడి, 1913లో లాన్సెట్ పత్రికలో వివరించెను. హాని చేయు వార్తలు మెదడుతో సంబంధము పొందకుండుట అని దాని భావము. రోగి వాయువు పీల్చి మత్తులో నున్నను, కత్తి పెట్టుటకు ముందే ఆ చోట నొవొకెయిన్ సూది వేసి నాడులను మొద్దుబార్చెను. కణజాలమును మెల్లగా తాకుటయు, శస్త్రకర్మకు ముందు రోగి భయమును తొలగించుటయు ఆయన పద్ధతిలో భాగములే. గొంతుగ్రంథి వాచినవారు భయముచే మరింత కృశించుచుండుట చూచి, దినదినము వారికి మత్తు పీల్చుట అభ్యాసము చేయించి, ఏ దినమున శస్త్రకర్మ జరుగునో తెలియకుండ చేసి ముగించెడివాడు. ఈ ఉపాయమునకు నేటి వైద్యధర్మము ఒప్పుకొనదు, ఒప్పుకొనకుండుటయే న్యాయము.

తన రోగులు లేచిన పిదప తక్కువ బాధపడుచున్నారని క్రైల్ చెప్పెను. అయితే ఆయన ఈ అనుభవమును ఒక తప్పు సిద్ధాంతమునకు ముడిపెట్టెను. శస్త్రాఘాతమున మెదడు కణములు శక్తి క్షీణించి రోగి కుప్పకూలునని ఆయన మతము. రక్తము, ద్రవములు తగ్గుటయే దానికి ప్రధానకారణమని తరువాతివారు నిరూపించిరి. సిద్ధాంతము కూలగా, దానిని అంటిపెట్టుకొనియున్న మంచి పరిశీలన కూడ శిథిలములలో పూడిపోయెను. పూర్వపక్షి చెప్పిన హేతువు దుష్టమైనంత మాత్రమున అతని ప్రతిజ్ఞ అసత్యము కానక్కరలేదని తర్కము చదివినవారెరుగుదురు. వైద్యలోకము అది గుర్తించుటకు డెబ్బది ఏండ్లు పట్టెను.

మధ్యకాలములో మత్తువిద్య మరింత సూక్ష్మమయ్యెను. 1942లో మాంట్రియలులో హెరాల్డ్ గ్రిఫిత్ క్యూరారే అను విషమును కండరములు సడలించుటకు వాడెను. నిద్రకు ఒక మందు, కదలకుండుటకు ఒక మందు, నొప్పికి ఒక మందు అని పని విభాగింపబడెను. సౌకర్యముతో పాటు ప్రమాదమును ప్రవేశించినది. కండరములు కట్టుబడిన రోగి కదలడు కనుక అతనికి నొప్పి లేదని తలచుట సులభమయ్యెను.

నవజాతశిశువుల విషయమున ఈ భ్రమ ఎంత దూరము పోయినదో చెప్పుట కష్టము. పసికందుల నాడీమండలము పక్వము కాలేదు, వారికి నొప్పి తెలియదు, తెలిసినను గుర్తుండదను నమ్మికతో, వారికి కండరములు సడలించు మందును కొద్దిపాటి వాయువును మాత్రమే ఇచ్చి శస్త్రకర్మలు చేయుట 1980ల వరకు అనేకచోట్ల సాగినది. భారతదేశము నుండి ఆక్స్‌ఫర్డుకు చదువబోయిన కన్వల్‌జీత్ ఆనంద్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి, నెలలు నిండక పుట్టిన 16 మంది శిశువులకు గుండె సమీపమున జరిగిన శస్త్రకర్మలను పరిశీలించి 1987లో ప్రకటించెను. పాతపద్ధతిలో మత్తు పొందిన శిశువుల దేహములో సంక్షోభము తీవ్రముగా నుండెను, తరువాత చిక్కులు కూడ ఎక్కువ. ఫెంటనిల్ అను బలమైన నొప్పిమందు చేర్చి ఇచ్చినవారు నెమ్మదిగా నుండిరి. ఆ శిశువులెవరును నాకు నొప్పిగా నున్నదని చెప్పలేదు. దేహమే చెప్పెను.

దేహము ఎట్లు చెప్పును, ఎట్లు దాచును అనుదానికి సమాధానము లండన్ యూనివర్సిటీ కాలేజీ నుండి వచ్చెను. పాట్రిక్ వాల్ 1965లోనే రోనాల్డ్ మెల్జాకుతో కలిసి వేదనకు వెన్నుపాములో ద్వారము వంటి నియమము కలదని ప్రతిపాదించి ప్రసిద్ధుడు. ఆయన వద్ద పనిచేసిన క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో నేచర్ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించెను. ఎలుక కాలికి గాయము కలిగించిన పిదప వెన్నుపాములోని కణములు అతిసూక్ష్మగ్రాహులైనవి. మునుపు లెక్కచేయని చిన్న స్పర్శకు కూడ ప్రతిస్పందింపసాగినవి. ముఖ్యమైన విషయము తరువాతిది. గాయమైన చోట మత్తుసూది వేసి వార్తను పూర్తిగా ఆపినను వెన్నుపాములోని ఆ మార్పు తొలగలేదు. గాయము వార్త పంపుట మానినది, వెన్నుపాము మాత్రము దానిని పట్టుకొనియే యున్నది. గాయమునకు ముందుగా ఇచ్చిన స్వల్పమైన మార్ఫిన్ ఈ మార్పును రానీయలేదనియు, వచ్చిన పిదప దానిని అణచుటకు ఎన్నో రెట్లు కావలసివచ్చెననియు వారి తరువాతి ప్రయోగములు చూపినవి. 1988లో వాల్, శస్త్రకర్మానంతర వేదనను రాకముందే నివారించుట గూర్చి పెయిన్ అను పత్రికలో సంపాదకీయము వ్రాసెను. క్రైల్ మాట తిరిగి లేచినది, ఈసారి సరియైన హేతువుతో.

ఇక్కడ తార్కికుల నియమమునకు భంగము కలిగినదా? అనుభవము లేకయే సంస్కారము ఏర్పడినట్లున్నది కదా! తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహములో బాలురు సైతము కంఠస్థము చేయు ఒక విభాగము కలదు. సంస్కారము మూడు విధములు: వేగము, భావన, స్థితిస్థాపకము. అనుభవము వలన పుట్టి స్మృతికి కారణమగునది భావన. అది ఆత్మగుణము. తక్కిన రెండింటికి ఎరుకతో నిమిత్తము లేదు. విడిచిన బాణమును ముందునకు నడుపునది వేగము. వంచిన కొమ్మను, చుట్టిన చాపను తిరిగి పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. విల్లు విడిచిన క్షణమున విలుకాడు కన్నుమూసినను బాణము ఆగదు. మత్తులో పడిన కోత భావనను పుట్టింపలేదు, కనుకనే రోగికి స్మృతి లేదు, నియమము చెక్కుచెదరలేదు. అది వెన్నుపాములో వేగము వంటిదానిని పుట్టించినది. రోగి ఎరుగనైతిని అనుట సత్యము, అతని వెన్నుపాము ఎరుగకుండ లేదనుటయు సత్యము. ఈ పోలిక శాస్త్రకారులు ఉద్దేశించినది కాదు, అర్థము చేసికొనుటకు మాత్రమే. ఆధునిక విజ్ఞానమంతయు ముందే ఇందులో చెప్పబడినదనుట శాస్త్రమునకు గౌరవము కాదు.

ఎలుకలలో చూచినది మనుష్యులలో నిలిచినదా? 1990లో ట్వెర్‌స్కోయ్ మొదలైనవారు గజ్జలలో హెర్నియాకు శస్త్రకర్మ చేయించుకొన్న 36 మందిని మూడు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు పూర్తి మత్తు మాత్రమే, రెండవదానికి పూర్తి మత్తుతో పాటు కోయుచోట ముందుగా మొద్దుబార్చు సూది, మూడవదానికి వెన్నులో సూది. పూర్తి మత్తు మాత్రమే పొందినవారికి నొప్పి అధికము. కోత చోట కూడ సూది పొందినవారికి అందరికంటె తక్కువ, పది దినముల తరువాత గాయమును నొక్కి చూచినను ఆ తేడా నిలిచియుండెను. ఆ సూదిమందు బలము కొన్ని గంటలే.

అయితే ఈ కథ ఇంత సులభముగా ముగియలేదు. 1988లో డెన్మార్కులో 25 మంది రోగులపై, కాలు తీసివేయుటకు మూడు దినముల ముందు నుండి వెన్నుద్వారా మందిచ్చి నొప్పి లేకుండ చేసినచో, తీసివేసిన కాలు ఇంకను నొప్పి పుట్టుచున్నట్లు తోచు వింత బాధ తగ్గునని ఒక పరిశోధన చెప్పగా ఎంతో ఆశ కలిగెను. 1997లో అదే దేశమున నికోలాజ్‌సెన్ మొదలైనవారు 60 మందిపై మరింత కట్టుదిట్టముగా చూడగా ఆ ఫలము కానరాలేదు. 2002లో మోయినికే మొదలైన డేనిష్ వైద్యులు 80 పరీక్షలను ఒకచోట చేర్చి చూచి, అదే మందును కోతకు ముందిచ్చినను తరువాత ఇచ్చినను తేడా అంతగా లేదనిరి. 2005లో మరొక సంకలనము, వెన్నుసూది, కోతచోటి సూది మొదలైన కొన్నింటిలో ముందిచ్చుట వలన మేలు కలదనెను. క్రమముగా తేలినదేమనగా, కోత ఒక క్షణపు సంఘటన కాదు. కత్తి ఆగిన తరువాత గాయము ఉబ్బి, ఎర్రబారి, దినముల తరబడి వార్తలు పంపుచునే యుండును. ఆ కాలమంతయు మార్గము కట్టుబడనిచో ముందుగా వేసిన ఒక్క సూది చాలదు. ముహూర్తము ఒక్కటే చాలదు, వ్రతము పూర్తికావలెను.

ఇందులో విపరీతమైన విషయము నల్లమందు జాతి ఔషధములది. నొప్పిని అణచుటలో వానిని మించినవి లేవు. 1990ల మధ్యలో రెమిఫెంటనిల్ అను మందు వచ్చెను. నిమిషములలో పనిచేసి నిమిషములలో దిగిపోవును. శస్త్రకర్మ సాగునంతసేపు ధారగా ఇచ్చి, ముగియగానే ఆపవచ్చును. 2000లో ఫ్రాన్సులో గీన్యార్ మొదలైనవారు ప్రేగుల శస్త్రకర్మ జరిగిన 50 మందిని చూచిరి. ఈ మందును అధికముగా పొందినవారు లేచిన పిదప ఎక్కువ నొప్పితో నుండిరి, మొదటి దినమున వారికి దాదాపు రెండింతల మార్ఫిన్ కావలసివచ్చెను. 2005లో జోలీ మొదలైనవారు గాయము చుట్టు చర్మమును తాకి చూచి, అతిసున్నితమైన ప్రదేశము ఆ మందు వలన విశాలమగుననియు, స్వల్పమాత్రలో కెటమిన్ చేర్చినచో అట్లు జరుగదనియు కనుగొనిరి. కెటమిన్ 1962లో పుట్టిన పాత మందు. వెన్నుపాములో ఆ అతిసూక్ష్మగ్రాహిత్వమును కలిగించు గ్రాహకమునే అది కట్టివేయును. నొప్పిని అణచు మందే నొప్పికి దారి విస్తరింపజేయుట, దానికి విరుగుడు మరొక మత్తుమందులో నుండుట అను ఈ చిక్కు వలననే, ఏ మత్తు ఎంత ఇవ్వవలెనను నిర్ణయము వంటలో ఉప్పు వంటిది కాదు, ఔషధయోగము వంటిది.

శస్త్రకర్మ తరువాత నొప్పి అని చెప్పుకొనుట పిరికితనమని తలచు కుటుంబములు ఇప్పటికిని ఉన్నవి. మూలుగుచున్న వృద్ధురాలికి తితిక్ష బోధించువారున్నారు. దుఃఖమును ప్రతీకారము లేక, చింత లేక సహించుట తితిక్ష అని వివేకచూడామణి లక్షణము చెప్పినది. అది ముముక్షువు బుద్ధిపూర్వకముగా స్వీకరించు సాధన. ముగ్ధావస్థలో సహించువాడే లేడు, కాబట్టి అక్కడ తితిక్షకు చోటు లేదు. అక్కడ దేహము దెబ్బ తినుట మాత్రమే కలదు, దాని ఫలము అనుభవించుటకు తరువాత మేల్కొనువాడు వేచియుండును. చరకమహర్షి వేదనకు మనస్సును, ఇంద్రియములతో కూడిన దేహమును రెండింటిని అధిష్ఠానములుగా చెప్పెను. మనస్సును ఒక్కదానినే నిద్రపుచ్చి దేహమును విడిచిపెట్టిన చికిత్స సగము చికిత్సయే.

ఆ ఫలము కొందరిలో ఎన్నటికిని తీరదు. 1998లో క్రోంబీ మొదలైనవారు స్కాట్లాండు, ఉత్తర ఇంగ్లండులలోని నొప్పిచికిత్సాలయములకు వచ్చిన 5,130 మంది రోగులను విచారింపగా, వారిలో 22.5 శాతమునకు శస్త్రకర్మయే తమ దీర్ఘవేదనకు ఒక మూలమని తేలినది. గాయము మానినది, మచ్చ మిగిలినది, మచ్చలో నొప్పి కూడ మిగిలినది. ఛాతీ తెరచు శస్త్రకర్మలలో వెన్నుద్వారా నిరంతరముగా మందిచ్చుట, రొమ్ము కేన్సరు శస్త్రకర్మలలోను సిజేరియనులోను నాడులను మొద్దుబార్చుట ఈ దీర్ఘవేదనను కొంత తగ్గించుచున్నదని 2018 నాటి కాక్రేన్ సమీక్ష తెలిపినది. మరుసటి సంవత్సరమే లాన్సెట్ పత్రికలో, 2,100 మందికి పైగా రొమ్ము కేన్సరు రోగులపై జరిగిన పెద్ద పరీక్ష, వెన్ను ప్రక్క నాడులను మొద్దుబార్చినవారిలోను పూర్తి మత్తు పొందినవారిలోను ఆరు నెలల తరువాత నొప్పిలో తేడా లేదని చూపినది. వివాదము జీవించియే యున్నది. మరికొందరిలో నాడిని మొద్దుబార్చిన మందు నడిరాత్రి హఠాత్తుగా దిగిపోయి నొప్పి ఒక్కసారిగా మీదపడును. హిల్డెబ్రాంటునకు 1898లో జరిగినదే అది. అందుచేత మందు దిగకముందే మాత్రలు మొదలుపెట్టుదురు.

పసివారి విషయము తిరిగి చెప్పవలసియున్నది. కెనడాలో అన్నా టాడియో మొదలైనవారు 1997లో 87 మంది మగశిశువులకు నాలుగవ లేక ఆరవ మాసమున టీకా వేయునప్పటి ఏడుపును, ముఖవికారమును పరిశీలించిరి. వారిలో కొందరికి పుట్టిన కొత్తలో సుంతీ జరిగెను. సుంతీ జరుగనివారు తక్కువగా బాధపడిరి. మొద్దుబార్చు లేపనముతో సుంతీ జరిగినవారు మధ్యస్థముగా బాధపడిరి. ఉత్తి లేపనముతో సుంతీ జరిగినవారు అందరికంటె ఎక్కువగా ఏడ్చిరి. ఆ శిశువులకు అహంకారము ఏర్పడలేదు, భాష లేదు, నాకు ఇట్లు జరిగెనను స్మృతి ఎన్నడును కలుగదు.

శస్త్రకర్మకు ముందుదినము మత్తు వైద్యుడు మంచము వద్దకు వచ్చి గుండె, ఊపిరి, రక్తపుపోటు, కదలు పండ్లు విచారించుట పాత పద్ధతి. ఇప్పుడు ఎరిగిన వైద్యులు మరికొన్ని ప్రశ్నలు చేర్చుచున్నారు: ఇప్పటికే ఆ చోట నొప్పి కలదా, ఎంతకాలముగా? పూర్వము ఆపరేషను జరిగినప్పుడు నొప్పి ఎట్లుండెను? నొప్పిమాత్రలు ప్రతిదినము వాడుచున్నారా? మనస్సులో భయము ఎక్కువగా నున్నదా? ముందే నొప్పి యున్నవారికి, మిక్కిలి భయపడువారికి తరువాత నొప్పి ఎక్కువగునని అనేక పరిశీలనలు చూపినవి. పలువురు ఈ ప్రశ్నలకు అంతయు బాగుగానే యున్నదని సమాధానము చెప్పి, అసలు సంగతి వైద్యుడు వెళ్లిన పిదప కోడలితోనో కూతురితోనో చెప్పుదురు. చెప్పవలసిన సమయము అదే, ఎందుకనగా మరునాటి ఉదయము అడిగినను చెప్పుటకు వారు అక్కడ ఉండరు.